అత్తయ్య అమ్మేసిన గుండిగ

కావలి నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 47, ఉద్యోగం చేస్తున్నారు. పదకొండేళ్ల కిందట వాళ్ల వీధిలో పాత బియ్యం కొట్టు మూసేస్తుంటే మూలన పడి ఉన్న మానిక, తవ్వ, సోల, గిద్ద అనే కొలతపాత్రలు నాలుగూ కలిపి 300 రూపాయలకు కొనుక్కొచ్చారట. అలవాటు అక్కడ మొదలైంది. ఆ తర్వాత కంచు గిన్నెలు, రాచ్చిప్పలు, ఊరగాయ జాడీలు, మాట్లు వేసిన రాగి బిందె, లాంతర్లు, దీపపు సెమ్మె, భోగి మంటలో పడబోతుంటే పక్కింటివాళ్లను బతిమాలి తెచ్చుకున్న పడక్కుర్చీ, ఇలా ఇప్పుడు ఇంట్లో 63 వస్తువులున్నాయి. ఏది ఎక్కడ దొరికిందో నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఆదివారాలు తానే కూర్చుని తోముకుంటారు.

ఆమె అత్తగారికి 76 ఏళ్లు. తుమ్మలపెంట వైపు పల్లె. చదువుకోలేదు. ఈ సామాన్లంటే ఆవిడకు మొదటినుంచీ పడదు. ‘నేను తోమీ తోమీ యాష్టపడినవాటిని నువ్వు దుడ్లిచ్చి తెస్తా ఉండావా’ అంటారట. నిరుడు ఈమె ఒక పాత ఇత్తడి గిన్నెలో చేపల పులుసు పెడితే, ఆవిడ ఎవరితో చెప్పకుండా పులుసంతా పెరట్లో పారబోశారు. నెలన్నర మాటల్లేవు. ఇప్పుడు అంతకంటే పెద్దది జరిగింది. ఈమె ఆఫీసులో ఉండగా పాత సామాన్ల బండి వస్తే అత్తగారు మూడు ఇత్తడి పాత్రలు తూకానికి వేసేశారు. అందులో ఒకటి, ఈమె చనిపోయిన అమ్మ గుండిగ. అంచు మీద అమ్మ పేరూ 1968 అనే సంవత్సరమూ చుక్కలతో కొట్టించి ఉన్నాయి. వచ్చిన 3,400 రూపాయలు అత్తగారు కొడుకు చేతిలో పెట్టి ‘లారీకి పనికొస్తాయి’ అన్నారు. లారీ ఎందుకంటే, రెండు నెలల్లో వీళ్లు నెల్లూరులో నాలుగో అంతస్తు ఫ్లాటుకు మారుతున్నారు. రెండు పడకగదులు. ‘ఆ తుక్కంతా అక్కడికి రావడానికి వీల్లేదు’ అని భర్త తేల్చేశారు. ఎవరికోసం దాచానో ఆ కూతురే ‘నాకు ఒక్కటీ వద్దమ్మా’ అంటోందని ఈమె బాధ.

‘అత్తయ్యను క్షమించలేకపోతున్నాను. సామాన్లు వదులుకోవాలా, మనుషుల్ని వదులుకోవాలా?’ అని అడిగారు.

చెల్లెమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే మీ చిరునామాకు ఒక కార్డు రాశాను. అందులో రాసింది ఇక్కడ మళ్లీ చెబుతున్నాను, ఇలాంటి కష్టం వచ్చిన మరొకరికి పనికొస్తుంది. బండివాడు కొన్న ఇత్తడి ఆ సాయంత్రమే కొలిమిలో పడదు. ముందు వాడు సరుకు వేసే కొట్టుకు పోతుంది. అక్కడ ఇనుము ఒకవైపు, ఇత్తడి, రాగి ఒకవైపు వేరుచేసి, ఒక లోడు అయ్యేదాకా ఆపి, ఆ తర్వాతే పెద్ద వ్యాపారికి పంపుతారు. కనుక ఆ బండి మీ వీధికి మళ్లీ ఎప్పుడొస్తుందో అని చూడకుండా, వాడు ఏ కొట్టుకు వేస్తాడో వీధిలో కనుక్కుని మీరే వెళ్లండి. గుండిగ ఫొటో ఉంటే తీసుకెళ్లండి. అంచు మీద పేరుంది కాబట్టి పోలిక పట్టడం తేలిక. తూకం ధర మీద కొంత ఎక్కువిస్తామంటే కొట్టువాళ్లు వెతికి ఇస్తారు, వాళ్లకు పోయేదేమీ లేదు. అక్కడ లేకపోతే సరుకు ఎవరికి పంపారో అడిగి ఆ పెద్ద కొట్టుకు కూడా ఫోను చేయించండి. ఇందులో ఒక్కో రోజూ విలువైనదే.

ఇక మిగతా సంగతి. మీరు రెండు గాయాల్ని ఒకే మూటలో కట్టి నాకు పంపారు. పులుసు పారబోయడం, గుండిగ అమ్మేయడం. ఈ రెండూ ఒకటి కావు. ముందు పులుసు దగ్గరికి వస్తాను, ఎందుకంటే అందులో మీ అత్తయ్యదే ఒప్పు.

ఆ గిన్నె లోపల ‘ఎర్రగా, బంగారంలా మెరిసిపోతోంది’ అని మురిసిపోతూ రాశారు. అంటే దానికి కళాయి, అదే లోపలి తగరం పూత, లేదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు తగిలితే ఆ రాగి కూరలోకి దిగుతుంది. కాస్త ఎక్కువైతే వికారం, వాంతులు, కడుపునొప్పి. నెల్లూరు చేపల పులుసులో చింతపండుకు తోడు మామిడికాయ కూడా వేస్తాం. పైగా మన పులుసు వండిన పూటకంటే మర్నాటికి రుచి అని గిన్నెలోనే ఉంచేస్తాం. కళాయి లేని ఇత్తడికి ఇంతకంటే చెడ్డ వంట ఇంకోటి లేదు. ఆ పాత రోజుల్లో కూడా చేపల పులుసు మట్టి దాకలో పెట్టేవారు, లేదా కళాయి ఉన్న గిన్నెలో. మీ అత్తయ్యకు రాగి, జింకు పేర్లు తెలియకపోవచ్చు. గిన్నె లోపలి రంగు చూస్తే అందులో ఏది వండొచ్చో ఏది వండకూడదో తెలుసు. చెప్పే తీరు తెలియక పారబోశారు. ఆ నెలన్నరలో ఎందుకు పారబోశావత్తా అని ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఆ మాట నాకు కనబడలేదు.

ఈ విషయం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. పాత పాత్రలు కొనేవాళ్లు ఇప్పుడు చాలామంది అయ్యారు, కళాయి మాట మాత్రం చాలామందికి తెలియదు. కళాయి వేసే తీరు ఇది. గిన్నెను నిప్పుల మీద బాగా కాల్చి, నవాసారం పొడి చల్లి మకిలి వదలగొట్టి, తగరం రుద్ది, వేడి మీదే దూదితోనో గుడ్డతోనో లోపలంతా పూసేస్తారు. లోపల తెల్లగా వెండిలా ఉంటే కళాయి ఉన్నట్టు. మధ్యలో పసుపో ఎరుపో తొంగిచూస్తే అరిగిపోయినట్టు, మళ్లీ వేయించుకోవాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కనుక కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద వదలకూడదు. స్టీలు పీచుతో తోమకూడదు. వేయించేటప్పుడు పక్కనే నిలబడి అసలు తగరమేనా అని అడగండి. వైర్లు అతికించే సోల్డరు తీగలో చాలావరకు సీసం కలిసి ఉంటుంది, చవకని దాంతో పూస్తే మీరు గిన్నెకు విషం పూయించుకున్నట్టే. పూర్వం కళాయి వేసేవాళ్లు వీధిలోనే గుంట తవ్వి తిత్తి పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఇత్తడి సామాన్లమ్మే పాత అంగళ్లలో అడిగితే ఎవరున్నారో చెబుతారు.

మీ జాడీలలో లోపలి పూత పగిలినవి ఉంటే వాటిలో ఊరగాయ పెట్టొద్దు. నూనె, ఉప్పు ఆ పగుళ్లలోకి దిగి మురుగు పడుతుంది. వాటిని గొడుగులు పెట్టుకోవడానికో కర్రలకో వాడుకోండి. రాచ్చిప్పకు పులుపు భయం లేదు. అది రాయి. పప్పుపులుసుకు దాన్ని మించింది లేదు. కానీ కొత్తగా వాడేది అయితే కొన్నాళ్లు గంజి పోసి, నూనె రాసి పదును పెట్టాలి. మంట సన్నగా మొదలుపెట్టాలి, వేడి మీద చన్నీళ్లు పోయకూడదు. ఫ్లాటులో ఇండక్షన్ పొయ్యి పెట్టుకునే ఆలోచన ఉందని రాశారు. దాని మీద రాచ్చిప్ప, ఇత్తడి, రాగి, కంచు ఏవీ వేడెక్కవు, అయస్కాంతం అంటుకునే గిన్నెలే కావాలి. గ్యాసు పొయ్యి ఒకటి ఉంచుకోండి.

ఇప్పుడు గుండిగ. అడగకుండా అమ్మడం తప్పే. మీ అత్తయ్య పెద్దవారనీ, మంచి మనసుతో చేశారనీ చెప్పి ఆ తప్పును నేను చెరిపేయను. మీ అమ్మ పేరున్న పాత్ర అది. మీకు దుఃఖం రావడం న్యాయం.

కానీ మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. వేరే విషయం చెబుతూ మధ్యలో రాశారు: ‘1989 తుఫానులో ఇల్లు పోయాక అత్తయ్య ఇత్తడంతా అమ్మి రేకులు వేయించిందట, అందుకే ఈ ఇంట్లో పాతవి ఒక్కటీ మిగల్లేదు.’ ఆ వాక్యాన్ని దాటి మీరు ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ ఏడాది నవంబరులో ఆ తుఫాను మీ కావలి దగ్గరే తీరం దాటింది. తుమ్మలపెంట సముద్రం ఒడ్డు. మీ అత్తయ్యకప్పుడు నలభై. కప్పు ఎగిరిపోయిన ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని, పుట్టింటివారు పెట్టిన బిందెలూ గుండిగలూ కాగులూ ఒక్కొక్కటీ తూకానికి వేసి, ఆ డబ్బుతో రేకులు కొన్న మనిషి ఆవిడ. వాటి మీదా ఎవరి పేర్లో కొట్టించి ఉండే ఉంటాయి. మన వైపు పెళ్లి సామాన్ల మీద పేరు లేకుండా ఇవ్వరు కదా. ఆవిడ లెక్కలో ఇత్తడి అంటే ఇంటికి అవసరం వచ్చినప్పుడు ఆదుకునేది. ఇప్పుడు ఇల్లు మారుతున్నారు, లారీకి డబ్బు కావాలి. ఆవిడకు చేతనైన సాయం చేశారు. ఒక్క రూపాయి దాచుకోలేదు, 3,400 తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు. కోపంతో చేసిన పని అయితే ఇలా ఉండదు.

మరొకటి కూడా ఉంది. ఆ గుండిగ మీ అమ్మదని ఆవిడకు తెలుసనే మీరు అనుకుంటున్నారు. తెలుసా? అమ్మ పోయాక రెండేళ్ల కిందట తెచ్చి ‘మిగతావాటి వరుసలోనే’ పెట్టానని రాశారు. ఆ వరుసలో ఉన్నవి కొట్టులో కొన్నవి. ఆవిడకు చదువు రాదు. చుక్కల్లో ఉన్న పేరు ఆవిడకు నగిషీ లాంటిదే. ఎప్పటికప్పుడు ఏదో ఒక గిన్నె ఇంటికొచ్చే చోట, ఒక్క గిన్నె మాత్రం పుట్టింటి నుంచి వచ్చిందని ఆవిడకు ఎవరు చెప్పారు? మీరు చెప్పి ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. చెప్పకపోతే మీ కోపంలో సగానికి ఆధారం లేదు.

ఇంకో మాట చెబితే నొచ్చుకోకండి. పెద్ద గంగాళం, రెండు చెక్కపెట్టెలు, నాలుగు జాడీలు అత్తయ్య గదిలో ఉన్నాయని మీరే రాశారు, హాల్లో చోటు చాలక. ముప్పై ఏళ్లు చింతపండూ బూడిదా పట్టుకుని చేతులు ఒరుసుకుపోయిన మనిషి, వద్దనుకుని వదిలించుకున్న సామాను మధ్య ముసలితనంలో పడుకుంటున్నారు. మీరు ఆదివారం ఒక్కపూట ఇష్టంగా తోముతారు. ఆవిడ పొద్దూ మాపూ తోమింది తప్పనిసరై. పైగా సముద్రపు గాలికి ఇత్తడి రెండు రోజుల్లోనే నల్లబడే ఊరు. మా అమ్మ కూడా అంతే. మేం చిన్నప్పుడు ఒంగోలులో స్టీలు సామాన్లవాడు వీధిలోకి వస్తే పాత ఇత్తడి ఇచ్చి స్టీలు పళ్లాలు తీసుకున్న రోజు అమ్మ ముఖంలో చూసిన సంతోషం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత చాలా ఏళ్లకు నేను ఒక కంచు గిన్నె కొని తెచ్చి చూపిస్తే దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వేలితో కొట్టి ఆ మోత పూర్తిగా ఆగేదాకా విని, ‘మంచి కంచే’ అని పక్కన పెట్టింది. అంతే, ఇంకేం అనలేదు. అమ్మకు కంచు మీద కోపం లేదు, అది తెచ్చిపెట్టిన చాకిరీ మీదే ఉండేది. మీ అత్తయ్యకూ అదేనేమో చూడండి.

ఇంత చెప్పాను కదా అని మీ ఇష్టం తప్పని నేను అనడం లేదు. ఆ ఇష్టం నాకు తెలుసు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక అంగళ్లలోంచి ఇవి పోయినా, పెద్దవాళ్ల వంటలు ఇప్పటికీ ‘సోలెడు పప్పుకు’ అనే మొదలవుతాయి. సోల చేతిలో ఉంటే ఆ వంట అర్థమవుతుంది, లేకపోతే కాదు. మీ రాగి బిందెకున్న మూడు మాట్లు చూడండి. చిల్లు పడితే పారేయకుండా, రేకు ముక్క కత్తిరించి, అతికించి, మళ్లీ నీళ్లకు పెట్టుకున్నారు. అది ఎవరిదో మీకు తెలియకపోయినా వాళ్ల ఇంటి పొదుపు మీ కళ్లముందుంది. ఇలాంటివి కరిగిపోకుండా ఆపడం మంచి పని. భోగి మంట నుంచి కుర్చీని కాపాడారని చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

కనుక ఫ్లాటు సంగతి ఆలోచిద్దాం. మీ ముందు మూడు దారులున్నాయి.

అన్నీ తీసుకెళ్లాలని పట్టుబట్టొచ్చు. ఉద్యోగం చేస్తున్నారు, మీ డబ్బుతో కొన్నవి, హక్కు ఉంది. కానీ రెండు గదుల ఇంట్లో 63 వస్తువులు పెడితే మళ్లీ కొన్ని అత్తయ్య మంచం కిందికే పోతాయి. మీవారి ‘తుక్కు’ మాట రోజూ వినాల్సి వస్తుంది. కొన్నాళ్లకు మీకే వాటి మీద విసుగు పుడుతుంది.

కావలి ఇంట్లో ఒక గదికి తాళం వేసి అన్నీ అక్కడే ఉంచొచ్చు. మిగతా ఇల్లు అద్దెకిస్తామన్నారు కాబట్టి ఇది సులువుగా కనబడుతుంది. అయితే మూసిన గదిలో చెక్కపెట్టెలకు చెదలు, ఇత్తడికి చిలుము. నెలకోసారి ఎవరైనా వెళ్లి తలుపులు తెరిచి, పెట్టెల కాళ్ల కింద రాళ్లు పెట్టి, గోడకు దూరంగా జరిపి చూసుకోవాలి. అది మీరు చేయగలిగితే ఏడాది పాటు ఇదీ మంచి దారే. తొందరపడి ఏదీ వదులుకోనక్కర్లేదు. చేయలేకపోతే ఏడాది తర్వాత మీకు మిగిలేది బాధే.

మూడోది, ఏరుకోవడం. ఇదే కష్టం, నా మనసు మాత్రం దీనివైపే ఉంది. రోజూ చేతికి తగిలేవి ముందు పక్కన పెట్టుకోండి. కొలతపాత్రలు, కంచు గిన్నెలు, రెండు రాచ్చిప్పలు, కళాయి వేయించిన ఒక గిన్నె, పడక్కుర్చీ. కుర్చీలో మీవారు కూర్చుంటారని రాశారు, దాన్ని ఆయన తుక్కు అనలేదు, గమనించారా? మిగిలినవాటిని తూకానికి మాత్రం వేయొద్దు. వాడుకునే చేతుల్లో పెట్టండి. పెద్ద గంగాళం, కాగులు పెళ్లిళ్లకూ తద్దినాలకూ అవసరపడే చుట్టాలింట్లో ఉంటే ఏడాదికి నాలుగుసార్లు పొయ్యెక్కుతాయి. ఇచ్చేటప్పుడు ఇచ్చేశానో ఎరువిచ్చానో తేటగా చెప్పండి. అది చెప్పక చెడిన చుట్టరికాలు నాకు తెలుసు. అమెరికా నుంచి వచ్చే మీ ఆడపడుచు దీపపు సెమ్మె అడిగారన్నారు. వందేళ్లు దాటిన కళాఖండాలను దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి కాగితం తీసుకున్నాకే పంపండి.

కూతురి గురించి మీరు బాధపడొద్దు. ఇవి ఆమె కోసం కొనలేదు, మీకు ఇష్టమై కొనుక్కున్నారు. ఆ మాట ఇంట్లో అలాగే చెప్పండి. అప్పుడు ఆ అమ్మాయి మీద బరువు తగ్గుతుంది, మీవారు కూడా మీతో మీ ఇష్టం గురించి మాట్లాడతారు, కూతురి పెళ్లి సామాను గురించి కాదు.

అత్తయ్యతో ఎలా మాట్లాడాలన్నది చివరికి మీకే తెలియాలి. మౌనంగా ఉండిపోవచ్చు, కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది. కానీ పులుసు మౌనం సర్దుకోలేదు కదా, గుండిగ దాకా వచ్చింది. గట్టిగా నిలదీయొచ్చు. 76 ఏళ్ల మనిషి ‘నా కొడుకింట్లో నాకు గిన్నె అమ్మే హక్కు లేదా’ అని ఏడుస్తారు, మీవారు అటువైపు నిలబడతారు, మీ అమ్మ గుండిగ మాట ఎవరికీ వినబడదు. నేనైతే ముందు మీవారిని అడుగుతాను, తుఫాను రాత్రి ఏం జరిగిందో. ఆయనకప్పుడు పద్నాలుగేళ్లు, మర్చిపోయి ఉండరు. అది విన్నాక అత్తయ్య దగ్గర కూర్చుని, అది మా అమ్మది అత్తా, అంచు మీద ఉన్నది మా అమ్మ పేరు అని చెబుతాను. ఆ పేరు చదివి వినిపిస్తాను. ఆ తర్వాత మీరమ్మిన వాటి మీద ఎవరి పేర్లున్నాయి అని అడుగుతాను. ఆవిడ చెబితే, మీ నోటు పుస్తకంలో ఇంకో పేజీ తిప్పి అవీ రాసుకోండి. చెప్పకపోతే పట్టుపట్టొద్దు.

ఆ పెట్టెలూ జాడీలూ ఆవిడ గదిలోంచి మాత్రం ఈ ఆదివారమే తీయించేయండి, ఇల్లు మారేదాకా ఆగొద్దు. కళాయి వేయించడానికి వెళ్లిన రోజు వీలైతే ఆవిడనూ తీసుకెళ్లండి. పూత ఎక్కడ అంటలేదో మీకంటే ముందు ఆవిడే చూస్తారు.

కొట్టులో గుండిగ దొరికిందో లేదో నాకు ఒక ముక్క రాయండి.